మా వదిన అడిగిన మనిషి

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. మంచి సంగతులు బోలెడన్ని ఉన్నాయి, వాటి కోసం నోరు తొందరపడుతోంది కూడా, కానీ ఇది చెప్పకుండా అవి చెబితే దొంగ సాక్ష్యమవుతుంది.

1982 సెప్టెంబరు. జంషెడ్‌పూర్‌లో ముసురు పట్టి వదలడం లేదు. ఉక్కు కంపెనీ ఆసుపత్రి ఛాతీ వార్డు వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నాను. చూసేవాళ్ళను లోపలికి వదిలే వేళ. కోక్ ఓవెన్స్‌లో నాతో పాటు పనిచేసే రాంఅవతార్ డ్యూటీ దిగి, నాలుగు నారింజపళ్ళు తెచ్చి, నాకు ఒలిచిపెడుతూ తనే తింటున్నాడు. అప్పుడు గేటు కాపలా మనిషి తడిసిన గొడుగు దులుపుకుంటూ వచ్చి, సింహాచలం అనే రోగి ఎవరైనా ఉన్నారా, ఆంధ్రా నుంచి ఒక ఆడమనిషి వచ్చి అడుగుతోంది అన్నాడు. నర్సమ్మ నావైపు చూసింది.

“అప్పన్నా, మీ తెలుగువాళ్ళలో ఆ పేరుగల వాళ్ళున్నారా?”

రాంఅవతార్ నారింజ తొన పట్టుకుని ఆగిపోయాడు. “సింహాచలం? అరే, వో తో తుమ్హారా భాయి థా న? జో గుజర్ గయా?” పోయిన నీ తమ్ముడి పేరే కదా అంటున్నాడు.

“ఆ పేరు మా వైపు ఇంటికొకడికి ఉంటుంది,” అన్నాను. నర్సమ్మతో, “ఈ వార్డులో ఎవరూ లేరు సిస్టర్,” అన్నాను.

కాపలా మనిషి వెళ్ళిపోయాడు. వరండా జాలీలోంచి చూశాను. గేటు అవతల నెత్తిమీద గుడ్డమూట పెట్టుకుని మా వదిన. చచ్చిపోయిన మా అన్న భార్య. కాపలా మనిషి ఏదో చెబితే తల ఊపింది. కొంగుతో మొహం తుడుచుకుంది. కాసేపు అక్కడే నిలబడి, వానలోనే సాక్చి బజారు వైపు నడిచిపోయింది. రెండు రైళ్ళు మారి నన్ను చూడ్డానికి వచ్చిన మనిషి.

ఆమె అడిగిన సింహాచలం నేనే.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. అప్పన్న మా అన్న పేరు. 1966లో ఇక్కడి ఉక్కు కార్ఖానాలో పనికి ఎక్కింది అతనే. మూడు నెలలు బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల మీద నిలబడ్డాడు. ఆ వేడికి ముక్కులోంచి నెత్తురు వచ్చేది. సెలవు పెట్టి శ్రీకాకుళం జిల్లాలో మా ఊరికి వచ్చి, ఇంక వెళ్ళనన్నాడు. తన గేటు పాసు నా చేతిలో పెట్టి, “ఒరే, నువ్వెల్లు. మనిద్దరి మొకం ఒక్కటే గదా,” అన్నాడు. ఇద్దరిదీ ఒకటే ముక్కు, ఒకటే నుదురు. పాసు మీద ఫోటో ఎలాగూ మసి మరక లాగే ఉంది. గ్యాంగు సర్దారు నన్ను ఎగాదిగా చూసి, నవ్వి, మొహం అటు తిప్పుకున్నాడు. అన్నతో పనిచేసినవాళ్ళు అప్పటికే వేరే బ్యాటరీకి, అంటే వేరే ఓవెన్ల వరసకి, మారిపోయారు. ఆ రోజుల్లో ఇలా అన్న పేరు మీద తమ్ముడు, మావ పేరు మీద అల్లుడు పనిచేయడం నాకు తెలిసినవాళ్ళలోనే ఉండేది. తప్పని ఎవరికీ తోచలేదు. నాకు అసలు తోచలేదు.

అయిదేళ్ళకు మా అన్న ఊళ్ళో జ్వరంతో పోయాడు. కబురు అందింది. వెళ్ళాలి. కానీ అప్పన్న చనిపోయాడని అప్పన్నే సెలవు అడగడం ఎలా? అందుకని తమ్ముడు సింహాచలం చనిపోయాడని చెప్పాను. అంటే నేనే పోయానని. గుండు చేయించుకుని తిరిగొస్తే గ్యాంగంతా నన్ను చుట్టుముట్టి, నెత్తి మీది టోపీలు తీసి, సింహాచలం కోసం ఒక నిమిషం నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. తలవంచుకుని నా చావుకు నేనే సంతాపం తెలిపాను. ఆ రోజు ఒళ్ళు ఝల్లుమనాలి. ఝల్లుమనలేదు. టీ తాగి పనిలోకి దిగాను.

మా ఆవిడ ఆదిలక్ష్మికి ఇదంతా తెలుసు. అయితే ఆమె నోరు ఈ అబద్ధంతో ఒక్కసారీ మైలపడలేదు. మా వైపు భార్య భర్త పేరు పలకదు, పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని. ఎవరడిగినా ‘మా ఆయన’ అంటుంది. నేనే రోజూ గేటు దగ్గర, కాంటీన్లో, మా పాప బడిలో, అప్పన్నా అంటే ఊఁ అంటూ బతికాను. ఇంట్లో కూడా సింహాచలమనే మాట ఏళ్ళ తరబడి వినపడలేదు. మనిషికి తన పేరు వినపడకపోతే ఏమవుతుందో నాకు అప్పుడు తెలియదు. ఏమీ అవదు. అదే భయం. లోపల ఎవరూ లేకుండానే రోజులు గడిచిపోతాయి.

దగ్గు ఆ ఏడాది మే నెలలోనే మొదలైంది. బొగ్గు మసి అనుకున్నాను. మీరు అలా అనుకోకండి. జూలైలో దగ్గితే చేతిగుడ్డ ఎర్రబడింది. ఆదిలక్ష్మి గుడ్డ చూసి, పాప కంచం నా కంచం పక్కనుంచి తీసి అవతల పెట్టింది. ఆ కంచం జరిగిన చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. ఆసుపత్రిలో పరీక్షల కోసం బెంచీ మీద కూర్చున్న రోజులు మరీ కష్టం. అందరం గోడ వైపు చూస్తూ కూర్చుంటాం. ఎవరైనా దగ్గితే మిగతావాళ్ళం మనకంటే ఎక్కువా తక్కువా అని చెవులతో కొలుచుకుంటాం. అలాంటి చోట పక్కనున్న ఒక ముసలాయన తన ఫ్లాస్కు మూతలో టీ పోసి నాకిచ్చాడు. నాకు అంటిస్తావేమో అనలేదు, తనకు అంటుతుందేమో అనుకోలేదు. ఆ టీ రుచి కూడా గుర్తుంది.

క్షయ అని తేల్చి వార్డులో చేర్చుకున్నారు. సూదులు, మాత్రలు, చెమటలు. ఆగస్టుకు నా పక్క మంచం మీద విజయనగరం వైపు పెద్దాయన ఒకరు చేరారు. ఆయన కోసం బుధవారం బుధవారం ఊళ్ళోనే ఉన్న సోనారి పేట నుంచి స్కూటరు మీద ఒక పాస్టరుగారు వచ్చేవారు. పేరు దేవసహాయం. వెనకటికి రైల్వేలో గార్డు. గొంతు ఇంకా ప్లాట్‌ఫారం మీదే ఉన్నట్టుండేది. ఆయన ప్రార్థన మొదలుపెడితే నర్సమ్మ వచ్చి, “ధీరే, పాస్టర్‌జీ, దేవుడు చెవిటివాడు కాదు,” అనేది. ఆయన ‘సారీ’ అని మళ్ళీ అంతే గట్టిగా అందుకునేవారు.

నాకు భక్తి ఏమీ లేదు. ఆశ మాత్రం ఉంది. పక్క మంచానికి దొరికేది నాకు దొరకలేదే అన్న బాధ.

“అయ్యా, నాకూ ఒక ప్రార్థన చేసి పెట్టండి,” అన్నాను.

“అలాగే బాబూ. పేరేటి?”

“అప్పన్న.”

ఆయన నా తల మీద చెయ్యి పెట్టారు. “ప్రభువా, నీ బిడ్డ అప్పన్నను చూడు. అప్పన్న ఛాతీని ముట్టు. అప్పన్న పాపాలు క్షమించు...” అంతవరకు హాయిగా కళ్ళు మూసుకున్నవాణ్ణి, చటుక్కున తెరిచేశాను. అప్పన్న పోయి పదకొండేళ్ళయింది! ఈ ప్రార్థన ఎక్కడికి పోతోంది? మా ఊరి శ్మశానానికా? నిజంగా పైన దేవుడే ఉంటే, నా మంచం నంబరు వెతుక్కుంటూ వచ్చి, ఇక్కడ అప్పన్న ఎవడూ లేడే అని వెళ్ళిపోతాడేమో. నవ్వుకోండి. ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను. అప్పుడు మాత్రం మంచానికి కట్టిన పేరు చీటీ వైపే చూస్తూ పడుకున్నాను. బుధవారం వస్తోందంటే భయం, రాకపోతే దిగులు. మందులకు జ్వరం దిగుతోంది, లోపల ఈ జ్వరం ఎక్కుతోంది. నిజం చెబుదామంటే ఉద్యోగం పోతుంది, దానితో పాటు క్వార్టరు, ఈ మంచం, ఈ సూది కూడా. చెప్పకపోతే బాగుపడేది ఎవరు?

అలాంటి రోజుల్లోనే వదిన వచ్చింది. నేను లేనని చెప్పాను.

మర్నాడు పొద్దున్నే ఆదిలక్ష్మి వచ్చింది. మూతి బిగించుకుని గంజి గిన్నె మూత తీసింది.

“మీ వదిన మనింట్లో ఉంది.”

నేను చెంచా గిన్నెలో పెట్టేశాను.

“సాక్చి బజార్లో కూరలమ్మే మనోళ్ళని అడుక్కుంటా అడుక్కుంటా చీకటి పడే యేళకి ఇల్లు పట్టుకుంది. ముద్దయిపోయింది మనిషి. ఒక మాటనుందా? అన్నేదు. ‘ఆడికేదో ఇబ్బంది ఉండుంటాదిలే, నానే పేరు తప్పడిగాను’ అంది. సగం బియ్యం తడిసిపోతే ఆరబెడతంది. నీకు పత్తెం బియ్యం తెచ్చిందంట.” ఆవిడ ముక్కు చీదింది. “గంజి తాగు, చల్లారిపోతాది.”

నేను తాగలేకపోయాను. నన్ను తిట్టి ఉంటే సమాధానం చెప్పుకునేవాణ్ణి. తప్పు తన మీద వేసుకుంటే ఏం చెయ్యాలి? తిరిగి కొట్టడానికి ఏమీ లేదు. ఆ సాయంత్రం దేవసహాయం గారు వచ్చి ఎప్పట్లాగే చెయ్యి ఎత్తారు. నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపేశాను.

“అయ్యా, మీరు ఇన్ని వారాలూ చచ్చిపోయినోడి కోసం ప్రార్థన చేత్తన్నారు.”

మొత్తం చెప్పేశాను. పాసు, గుండు, టోపీలు, వదిన, వాన. ఆయన బల్ల మీద కూలబడి విన్నారు. తర్వాత, “జొరం ఎవరికి తగ్గింది?” అన్నారు.

“నాకే.”

“మందు ఎవరికి పనిచేత్తంది?”

“నాకే అయ్యా.”

“అయితే పైనున్నాయనకి అడ్రస్ ముందే తెలుసన్నమాట. తెలీనోళ్ళం నేనూ, మీ నర్సమ్మా.” ఆయన కళ్ళలో నీళ్ళు, మూతి మీద నవ్వు. “ఒరే బాబూ, నువ్వు పేరు చెప్పాక ప్రేమిద్దామని ఆయన కాసుక్కూచోలేదు. నువ్వు దాక్కున్నప్పుడే వచ్చీసాడు. ఇప్పుడు చెప్పడం ఆయనకి తెలియడానికి కాదు. నీకు తెలియడానికి. చెప్పు, ఎవడివి నువ్వు?”

“సింహాచలం.”

ఎంత చిన్నగా అన్నానో! అయినా వార్డంతా విన్నట్టే అనిపించింది. ఆయన మళ్ళీ చెయ్యి పెట్టి, “ప్రభువా, నీ బిడ్డ సింహాచలం...” అన్నారు. ఇంక ఆ తర్వాత మాటలు నాకు వినపడలేదు. ఆ ఒక్క మాటకే ఛాతీ పగిలిపోయేట్టు ఏడ్చాను. పదహారేళ్ళ తర్వాత ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచారు, అదీ దేవుడి ముందు! సంపాదించుకున్నది కాదు. అప్పు తెచ్చుకున్నదీ కాదు. నేను పారేసుకున్నదాన్ని ఎవరో భద్రంగా దాచి ఉంచి, చేతిలో పెట్టినట్టుంది. అంతకుముందు పాపక్షమాపణ అంటే తప్పులు కొట్టేయడం అనుకునేవాణ్ణి. అది కాదు. తప్పుల కింద అణిగిపోయిన మనిషిని లేపడం.

ఆయన వెళ్ళబోతుంటే ఒక సందేహం వచ్చి పిలిచాను. “అయ్యా, నేను మీలో కలిస్తే పేరు మార్చుకోవాలా? నాది స్వామి వెలసిన కొండ పేరు గదా.”

ఆయన వార్డు అదిరేట్టు నవ్వారు. “ఇన్నేళ్ళకి దొరికిన పేరురా! ఇయ్యాలే మళ్ళీ పారీసుకుంటావా?”

నర్సమ్మ పరుగెత్తుకొచ్చింది, “ధీరే, పాస్టర్‌జీ!” అంటూ.

డాక్టరుగారికి చెబుతానంటే ఆదిలక్ష్మి ఊరుకోలేదు. “మందు పూర్తయ్యేదాకా నోరు మూసుకోవయ్యా! పానం కంటే పేరెక్కువా? పాప మొకం చూడు!” పదేళ్ళ పాప మంచం చివర నిలబడి, “తో హమ్ కిస్కీ బేటీ హై, పాపా?” అంది. నేను ఎవరి కూతుర్నని అడుగుతోంది. “సింహాచలం కూతురివి,” అన్నాను. వాళ్ళమ్మ తల బాదుకుంది. పాప మాత్రం ఆ పేరును నోట్లో చప్పరిస్తున్నట్టు రెండుసార్లు అనుకుని, “లంబా హై,” అంది. పేరు బాగా పొడుగుందట.

అందరికంటే ముందు వదినను అడగాలి. పేరు ఆమె భర్తది. ఆదివారం ఆమె వార్డుకు వచ్చింది. ఈసారి పాప లోపలికి తీసుకొచ్చింది, గేటు దగ్గర ఎవరి పేరూ చెప్పక్కర్లేకుండా. నేను ఆమె కాళ్ళ మీద పడబోతే, “లెగు మరిదీ, సూది మందు పొడిసిన ఒళ్ళు,” అంది.

“వదినా, నాకిక్కడ అన్న పేరే గదా. అది నీకు తెలుసు. మరి ఆ పేరే అడగకపోయావా?”

ఆమె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. “మొగుడి పేరు నాను ఎలాగ చెప్తాను?”

“అన్న పోయాడు గదా వదినా.”

“ఊర్లో పోయాడు. ఈ ఊర్లో బతికే ఉన్నాడు గదా. రోజూ డ్యూటీకెల్తన్నాడు, జీతం తెచ్చుకుంటన్నాడు. బతికున్నోడి పేరు పెళ్ళాం పలకొచ్చా?”

ఆమె అంత దూరాన, బొట్టు లేని నుదుటితో, ఎక్కడో ఒకచోట భర్త బతికి ఉన్నాడని లోపల దాచుకుని ఉంది. నా దొంగతనంలో ఆమెకు మిగిలిన తునక అది. నిజం చెబితే నా ఉద్యోగమే కాదు, అది కూడా పోతుంది.

“నిజం చెప్పీమంటావా?” అన్నాను.

ఆమె కిటికీ వైపు తిరిగింది. చిమ్నీల పొగ ఆకాశమంతా ఉంది. “చాన్నాళ్ళు కట్టం పెట్టావురా మీ అన్నని. ఇంక ఆయన్ని పోనీ మరిదీ.”

సోమవారం డాక్టరుగారికి చెప్పాను. ఆయన పెన్ను మూసి, తెరిచి, మళ్ళీ మూశారు. ఇంగ్లీషులో ఏదో గొణుక్కుని, “పై ఆఫీసుకు నేను చెప్పాల్సిందే. కానీ నేను చూసేది ఊపిరితిత్తుల్ని. సగంలో పంపను,” అన్నారు. తర్వాత వారాలన్నీ ఎదురుచూపులే. బూట్ల చప్పుడైతే చాలు, మంచం ఖాళీ చెయ్యమనడానికే వచ్చారనుకునేవాణ్ణి. ఆదిలక్ష్మి వచ్చేది, గిన్నె పెట్టేది, నాతో మాట్లాడకుండా వెళ్ళేది. భయం లేదని నేను అబద్ధం చెప్పను. అబద్ధాల కోటా అయిపోయింది. కానీ భయం లోపల ఒక మనిషి ఉన్నాడు ఇప్పుడు. భయపడుతున్నది ఎవరో నాకు తెలుసు. చెబితే నమ్మరు, కొన్ని రోజులు ఆనందంతో నిద్ర పట్టేది కాదు. సూది గుచ్చేటప్పుడు నర్సమ్మ, “సింహాచలం, చెయ్యి చాపు,” అంటే, ఇంకోసారి అనమనేవాణ్ణి.

క్రిస్మస్ ముందు ఇంటికి పంపారు. జనవరిలో ఉద్యోగం తీసేశారు. అది న్యాయమే. కేసు పెట్టకుండా వదిలారు, అది న్యాయం కంటే ఎక్కువ. క్వార్టరు అప్పగించి సోనారిలో ఒక గదిలోకి మారాం. సామాను బండి మీద ఎక్కించేటప్పుడు ఆదిలక్ష్మి ముగ్గురి కంచాలూ ఒకదానిలో ఒకటి పెట్టి కట్టింది. నేను చూశానని ఆమె చూసింది. చాలు. ఇప్పుడు టెల్కో కాలనీ వైపు ఒక కాంట్రాక్టరు దగ్గర తేలికపాటి పని. కూలీలను పిలిచేటప్పుడు నా పేరు వస్తే, అందరికంటే గట్టిగా ‘హాజిర్’ అంటాను. వెనకవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ.

ఒక పని మిగిలిపోయింది. ఎండలు ముదరకముందు ఊరెళ్ళి వదినను మళ్ళీ తీసుకొచ్చాను. మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ కార్ఖానా గేటు బయట, టీ బండి పక్కన ఇద్దరం నిలబడ్డాం. సైరన్ మోగింది. సైకిళ్ళు వరద లాగ బయటికి వచ్చాయి. రాంఅవతార్ నన్ను చూసి దిగాడు. వెనక గ్యాంగు మనుషులు ఆగారు. సంగతి అప్పటికే అందరికీ తెలుసు, నా నోటి నుంచి మాత్రం వినలేదు.

“అంటే ఇన్నేళ్ళూ నేను భూతంతో ఖైనీ పొగాకు పంచుకున్నానా?” అన్నాడు రాంఅవతార్ హిందీలో. “అందుకే ఒక్కనాడూ డబ్బీ తిరిగివ్వలేదు!”

నవ్వులు తగ్గాక, నాకు వచ్చిన హిందీలో చెప్పాను. ఆనాడు మీరు నిలబడింది నా కోసం. నేను బతికే ఉన్నాను. పోయినవాడు మా అన్న. మీ ఓవెన్ల మీద మూడు నెలలు పనిచేసినవాడు. అతనికి రావలసిన గౌరవం నేను దొంగిలించాను. ఈమె అతని భార్య. క్షమించమని ముందు ఈమెను అడిగాను, ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను. ఇంకోసారి నిలబడండి.

సైకిళ్ళ గంటలు వెనక మోగుతున్నాయి. రాంఅవతార్ తన టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఒక్కొక్కరే తీశారు. రాంఅవతార్ వదిన వైపు తిరిగి, మర్యాదగా అన్న పేరు అడిగాడు. “భాభీ, భయ్యా కా నామ్?”

అతనికి తెలుసు. అయినా ఆమెనే అడిగాడు. నేను చెప్పబోయి నోరు మూసుకున్నాను.

వదిన కొంగు నుదుటి మీదికి లాక్కుంది. పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. మళ్ళీ కదిలాయి.

“అప్పన్న,” అంది. తర్వాత ఇంకా గట్టిగా, గేటు లోపలికి వినపడేట్టు, “నా పెనివిటి అప్పన్న!”

ఆ పేరుకు పదహారేళ్ళు ఊఁ కొట్టినవాణ్ణి. ఆ రోజు పలకలేదు. టోపీ లేని తల వంచుకుని, ఆమె పక్కన నిలబడ్డాను.